పాత కారు బంపర్ ఎందుకు తెల్లబడుతుంది? ఇత్తడి నుంచి నల్ల ప్లాస్టిక్ దాకా వందేళ్ల కథ

ఇరవై ఏళ్లు ఎండలో తిరిగిన మారుతి 800ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పెయింట్ ఇంకా పర్లేదు, ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. కానీ నల్లగా ఉండాల్సిన బంపర్, అద్దాల డొప్పలు మాత్రం విభూతి పూసినట్టు తెల్లగా అయిపోయి ఉంటాయి. అదే ఒక పాత అంబాసిడర్ తీసుకోండి. దాని బంపర్ మీద తుప్పు చుక్కలు ఉంటాయి గానీ, తెల్లబడటం ఉండదు. రెండూ అదే ఎండలో, అదే వానలో ఉన్నవే. మరి తేడా ఎక్కడొచ్చింది?

ఇంట్లో దీన్ని ఎలా బాగుచేసుకోవాలో కూడా చెప్తాను. కానీ ముందు చరిత్ర తెలిస్తే, ఏ సీసా కొనాలో, ఏది కొనక్కర్లేదో మీకే అర్థమైపోతుంది. నాకు అర్థమైనంతలో కారు మెరుపుల చరిత్ర అంటే, ఆ మెరుపు కోసం ఎవరు కష్టపడాలి అనేదాని చరిత్ర.

మొదట ఇత్తడి. 1900ల మొదట్లో కార్ల దీపాలు, హారన్, రేడియేటర్ చట్రం చాలావరకు ఇత్తడివే. పాత కార్ల అభిమానులు సుమారు 1915 వరకు ఉన్న ఆ కాలాన్ని ఇత్తడి యుగం అనే పిలుస్తారు. ఇత్తడి గురించి మనకి వేరే చెప్పాలా? పండక్కి ముందు రోజు చింతపండు పెట్టి బిందెలు తోముతారు కదా. తోమిన రోజు బంగారంలా ఉంటుంది, వారం తిరిగేసరికి మళ్లీ మసకబారుతుంది. కార్లకీ అదే పరిస్థితి. బ్రాసో అనే పాలిష్ ఇంగ్లండ్‌లో 1905 ప్రాంతంలోనే వచ్చింది. అయితే కారు కొన్న దొర తోమడు కదా. దానికి డ్రైవరో, క్లీనరో ఉండేవాడు.

1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. రైతులు, చిన్న ఉద్యోగులు కూడా కారు కొనడం మొదలైంది. వాళ్ల ఇళ్లలో ఇత్తడి తోమే మనిషి లేడు. 1917 మోడల్ వచ్చేసరికి ఫోర్డ్ ఆ ఇత్తడి రేడియేటర్ తీసేసి, నల్ల పెయింట్ వేసిన స్టీల్ తొడుగు పెట్టింది. అసలు కారణం ఖర్చు తగ్గించడమే అయినా, ఓనర్‌కి కూడా ఒక పని తగ్గింది.

తర్వాత కొన్నాళ్లు నికెల్ పూత నడిచింది. అదీ మెల్లగా పసుపు తిరిగి మసకబారేది. అప్పుడొచ్చింది క్రోమ్. క్రోమియం అనే మూలకాన్ని 1797లోనే ఫ్రాన్స్‌లో వాక్లాఁ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. కానీ దాన్ని ఇంకో లోహం మీద నమ్మకంగా పూయడం ఎలాగో తేలడానికి ఇంకో నూటపాతికేళ్లు పట్టింది. 1920లలో కొలంబియా యూనివర్సిటీలో కొలిన్ ఫింక్ బృందం దారి చూపించింది. క్రోమిక్ ఆమ్లం తొట్టిలో సల్ఫేట్‌ని నూటికి ఒక వంతు నిష్పత్తిలో ఉంచాలి. అదీ కిటుకు. బీటెక్ ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో ఎలక్ట్రోప్లేటింగ్ అని ఐదు మార్కుల కోసం చదివి వదిలేశాం చూడండి, అదే ఇది.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలీదు. బంపర్ మీద కనిపించే క్రోమ్ మందం సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. తల వెంట్రుక మందంలో పదో వంతు కన్నా చాలా తక్కువ. తుప్పు పట్టకుండా నిజంగా ఆపేది దాని కింద మందంగా ఉండే నికెల్ పొర. క్రోమ్ చేసే పని నికెల్‌ని మసకబారనివ్వకపోవడం. అంబాసిడర్ బంపర్ మీద ఎర్ర చుక్క కనిపించిందంటే క్రోమ్ తుప్పు పట్టిందని కాదు. ఈ పొరల్లో సన్నటి రంధ్రాలు పడి, అడుగున ఉన్న ఇనుము బయటికి తుప్పు కక్కుతోందని.

క్రోమ్‌తో ఓనర్ పని గుడ్డతో తుడవడం వరకే తగ్గింది. అందుకే అమెరికాలో 1950లలో కార్లకి నగలు దిగేసినట్టు క్రోమ్ దిగేశారు. 1959 క్యాడిలాక్ ఫోటో చూస్తే తెలుస్తుంది. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కూడా 1950ల యూరప్ డిజైన్లే కాబట్టి, క్రోమ్ వాటితో పాటే మన రోడ్ల మీదకి వచ్చింది.

మరి కష్టం పోయిందా అంటే, పోలేదు. ప్లేటింగ్ షాపులోకి మారింది. క్రోమ్ తొట్టిలో పంపే కరెంట్‌లో ఎక్కువ భాగం పూతకి పోదు, హైడ్రోజన్ బుడగలుగా మారిపోతుంది. ఆ బుడగలు పగిలినప్పుడల్లా ఆమ్లం తుంపర గాల్లోకి లేస్తుంది. అందులో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం. దాన్ని ఏళ్ల తరబడి పీల్చిన పనివాళ్లకి ముక్కు మధ్య గోడకే చిల్లు పడుతుంది, చేతుల మీద మానని పుండ్లు వస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే పదార్థంగా కూడా ఇది రుజువైంది. బంపర్ మీద గట్టిపడిన క్రోమ్‌ని ముట్టుకుంటే ఏమీ కాదు. ప్రమాదమంతా ఆ తొట్టి దగ్గరే.

ఇక ప్లాస్టిక్. 1954లో ఇటలీలో జూలియో నట్టా పాలీప్రొపిలీన్ తయారుచేశాడు, 1963లో నోబెల్ అందుకున్నాడు. 1972లో రెనో 5 ప్లాస్టిక్ బంపర్లతో వచ్చింది. 1973 మోడళ్ల నుంచి అమెరికా కొత్త బంపర్ రూల్స్ పెట్టింది: మెల్లగా గుద్దుకుంటే దీపాల్లాంటివి పాడవకూడదు. ఆ దెబ్బకి 1974లో బ్రిటిష్ ఎంజీబీ లాంటి అందమైన కారు కూడా క్రోమ్ బంపర్ వదిలేసి, నల్లటి లావాటి పాలీయురేథేన్ బంపర్ తగిలించుకుంది. మన దగ్గర 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు చేతులు మారాయి. ఆ తర్వాత మధ్యతరగతి ఇళ్లకి నల్ల బంపర్ అలవాటైపోయింది.

నలుపే ఎందుకు? అచ్చు పోసేటప్పుడే రంగు కలిసిపోతుంది, మళ్లీ పెయింట్ ఖర్చు ఉండదు. పైగా ఆ రంగు ఇచ్చే కార్బన్ బ్లాక్, అంటే ఒకరకం మసి, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకుంటుంది. పాలీప్రొపిలీన్‌కి ఎండంటే పడదు. మసి, మిగతా రసాయనాలు కొన్నేళ్లు కాపాడతాయి. తర్వాత పైపొరలో అణువుల గొలుసులు తెగి, కంటికి కనపడనంత సన్నటి పగుళ్లు వస్తాయి. గాజు పారదర్శకమే కదా, పొడి చేస్తే తెల్లగా ఎందుకు కనిపిస్తుంది? వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి. బంపర్ తెల్లబడటమూ అంతే.

మీరే చూడండి. తెల్లబడిన బంపర్ మీద నీళ్లు పోస్తే వెంటనే నల్లబడుతుంది. నీళ్లు ఆ పగుళ్లలో నిండుతాయి. ఆరగానే మళ్లీ తెలుపు. షాపుల్లో అమ్మే సిలికాన్ డ్రెస్సింగ్, కొబ్బరినూనె చిట్కా, ఇవన్నీ ఆ నీళ్లకి కొంచెం ఎక్కువకాలం ఉండే అన్నదమ్ములు. రెండు వానలకి పోతాయి. హీట్ గన్ పద్ధతిలో పైపొర కాస్త కరిగి పగుళ్లు మూసుకుంటాయి. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ అయిపోయిన రక్షణ రసాయనాలు తిరిగి రావు కాబట్టి మళ్లీ తెల్లబడుతుంది. చెయ్యి ఒక్కచోట ఆగిందంటే బంపర్ వంకర పోతుంది.

కొన్నేళ్లు ఉండాలంటే దారి ఇది. సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు పూర్తిగా తీయండి. తర్వాత ట్రిమ్ కోటింగ్ గానీ, పెయింట్ గానీ. పెయింట్ అయితే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. పాలీప్రొపిలీన్‌కి మామూలు పెయింట్ అంటుకోదు, పెచ్చులుగా లేస్తుంది. బంపర్ లోపలి వైపు పీపీ అని అక్షరాలు ఉంటే అది పాలీప్రొపిలీనే.

క్రోమ్ బంపర్ అయితే, వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ తడిపి మెల్లగా రుద్దండి. క్రోమ్ కన్నా మెత్తనిది కాబట్టి తుప్పు చుక్కలు వదులుతాయి, గీతలు పడవు. ఆరాక మైనం పాలిష్ పట్టిస్తే రంధ్రాల్లోకి తేమ వెళ్లదు. పూత పెచ్చులూడిందా, ఇక అది ప్లేటింగ్ పనే. దయచేసి ఇంట్లో క్రోమ్ తొట్టి పెట్టే ప్రయోగాలు చెయ్యొద్దు. ఎందుకో ఇప్పుడే చెప్పాను.

ఇత్తడి రోజుల్లో కష్టం క్లీనర్‌ది. క్రోమ్ రోజుల్లో ప్లేటింగ్ పనివాడిది. నల్ల ప్లాస్టిక్ వచ్చాక ఎవరిదీ కాదు అన్నారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో "నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం" అనేవాళ్లం చూడండి, ఇదీ అలాంటిదే. కొత్త కారు కొన్నాయన ఐదారేళ్లు నల్లటి బంపర్‌తో తిరిగి అమ్మేస్తాడు. తెల్లబడేది సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ల ఇంటి ముందు. కొత్త కారు కొనలేని వాళ్లే ఆదివారం పూట బకెట్, బ్రష్ పట్టుకుని కూర్చోవాలి. షోరూంలో మెయింటెనెన్స్ ఫ్రీ అని చెప్తే, ఎన్నేళ్లు ఫ్రీ, ఎవరికి ఫ్రీ అని ఒకసారి అడగండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.