కాష్క్: 'ప' పలకని నాటి అరువు

ఐరిష్ భాషలో ఈస్టర్ పేరు కాష్క్. లాటిన్ 'పాస్కా' నుంచి వచ్చిన మాట ఇది. లాటిన్‌కు అది అరమాయిక్ నుంచి గ్రీకు ద్వారా అందింది. తెలుగు బైబిలులోని పస్కా కూడా ఆ కుదురుదే.

మొదటి 'ప' 'క'గా మారడంలోనే అసలు చరిత్ర ఉంది. కెల్టిక్ భాషలు ప్రాచీన 'ప'ను ఎప్పుడో పోగొట్టుకున్నాయి. సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాటెర్ అయిన మాట ఐరిష్‌లో 'అహిర్'. 5వ శతాబ్దంలో క్రైస్తవం వేళ్లూనుకునే నాటికి ఐరిష్ వారి నోట 'ప' ధ్వని లేదు. అయితే పొరుగు బ్రిటన్ మాటల్లో 'ప' ఉన్నచోట తమకు 'క్వ' ఉండేది. కొత్త మాటలనూ ఆ పోలికతోనే మలుచుకున్నారు. ఆ 'క్వ' తర్వాత 'క' అయింది. మొక్క అనే అర్థమున్న లాటిన్ 'ప్లాంటా' ఇలాగే 'క్లాన్'గా, అంటే సంతానంగా మారింది. ఎంత అందమైన మార్పు! తర్వాతి అరువుల్లో 'ప' నిలిచింది: ముద్దును తెలిపే 'పోగ్' లాటిన్ 'శాంతి' పదం నుంచి, ఆరాధనలోని శాంతి చుంబనం ద్వారా వచ్చింది.

ఈ పండుగ తేదీపై ఐరిష్ మఠాలు 7వ శతాబ్దమంతా వాదించుకున్నాయి. అయోనా మఠం రోమన్ లెక్కను 716లో అంగీకరించింది.

షష్ఠీ విభక్తిలో ఈ మాట 'కాస్క' అవుతుంది. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు డబ్లిన్‌లో మొదలైన తిరుగుబాటు ఐరిష్ పేరులో ఉన్నది ఈ రూపమే.