మళ్ళీ వచ్చిన రక్తం మాట

అన్నం తిన్న సంగతే మరచి పెద్దావిడ మళ్ళీ అడిగితే మీరు చాదస్తమంటారు. నూరేళ్ళ క్రితం వైద్యులు, నాళాలు గట్టిపడి మెదడుకు రక్తం చాలడం లేదనేవారు. 1906లో జర్మనీ వైద్యుడు అల్జైమర్, 55 ఏళ్ళకే మరణించిన ఆగుస్టె డేటర్ మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, కణాల్లో చిక్కుపడ్డ పోగులనూ, వాటి మధ్య మచ్చలనూ గుర్తించాడు. 1968లో న్యూకాజిల్ పరిశోధకులు మతి తప్పిన వృద్ధుల మెదళ్ళలో అవే మచ్చలు లెక్కపెట్టాక రక్తం మాట వెనకబడింది. అంత తొందరపడాల్సింది కాదేమో! 1997లో, అమెరికాలో మరణించిన క్రైస్తవ సన్యాసినుల మెదళ్ళు పరీక్షిస్తే, ఈ జబ్బు గుర్తులతోపాటు రక్తం అందక చిన్న గాయాలు కూడా పడ్డవారిలోనే ఎక్కువమందికి మతి తప్పిందని తేలింది. ఇంట్లో పెద్దల రక్తపోటును కనిపెట్టి ఉండమనేది ఇందుకే. 2019లో ఈ జబ్బున్న ఎలుకల మెదడులో తెల్లరక్తకణాలు సన్నని నాళాలకు అడ్డుపడటం చూశారు. అడ్డు తీయగానే రక్తప్రసారం పెరిగింది, జ్ఞాపకమూ కొంత మెరుగైంది. మనిషిలో రక్తం తగ్గి జబ్బు వస్తుందా, జబ్బు వచ్చి రక్తం తగ్గుతుందా అన్నది ఇంకా తేలలేదు.