ఎడ్లు కొత్తవి, ఇరుసు పాతది



మొన్న దమ్ముల్లో మా పక్క చేలో ట్రాక్టరు ఆగిపోయింది. ఇంజను బాగానే ఆడుతోంది, గేరు పడుతోంది, బండి మాత్రం కదలదు. విప్పి చూస్తే వెనక హౌసింగులో బేరింగు ముక్కలైపోయింది, పెద్ద గేరుకి పళ్ళు రాలిపోయాయి. "పోయినేడు పంపు పెంచించాను, ఏడాదంతా గుర్రంలా లాగింది, ఇప్పుడేం వచ్చిందో" అని ఆయన బాధ. ఆయనకి చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి. ఇదే తప్పు ఒకప్పుడు అమెరికాలో అందరికన్నా పెద్ద ట్రాక్టరు కంపెనీ చేసింది.

ఆ కంపెనీ పేరు ఇంటర్నేషనల్ హార్వెస్టర్. మనకి కొత్త పేరేం కాదు. 1963లో మహీంద్రా వాళ్ళు ఈ కంపెనీతో కలిసే మన దేశంలో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టారు. పాత బి-275 వాళ్ళ మోడలే.

అమెరికాలో వాళ్ళు 1939లో ఫార్మాల్ ఎం అనే ట్రాక్టరు తెచ్చారు. 35 నుంచి 40 హెచ్.పి. మధ్య బండి. గట్టిది, నమ్మకమైనది. 1952 దాకా రెండున్నర లక్షలకు పైగా చేశారు. అప్పటికి అక్కడ కమతాలు పెరుగుతున్నాయి, కూలీలు తగ్గుతున్నారు, నాగళ్ళు పెద్దవవుతున్నాయి. రైతు అడిగేది ఒకటే మాట, ఇంకా పవర్ కావాలి. కంపెనీ కూడా సూపర్ ఎం, తర్వాత 400, తర్వాత 450 అని ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోయింది. ఇంజను ఎదిగింది. వెనక భాగం మాత్రం చిన్న చిన్న మార్పులు తప్ప అదే పాత ఎం వంశం.

1954లో టార్క్ యాంప్లిఫయర్ అని ఒక సౌకర్యం కూడా ఇచ్చారు. క్లచ్ తొక్కకుండా ఒక లివరు లాగితే వేగం మూడో వంతు తగ్గి, లాగుడు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. బరువు తగిలిన చోట బండి ఆగకుండా పోతుంది, రైతుకి ఎంతో సుఖం. కానీ ఆ పెరిగిన లాగుడంతా మోయాల్సింది వెనకున్న గేర్లే.

1958 జూలైలో 560 మోడలు వచ్చింది. ఆరు సిలిండర్ల ఇంజను, 60 హెచ్.పి.కి అటూ ఇటూ. చూడ్డానికి అందం, నడపడానికి మెత్తన, జనం ఎగబడి కొన్నారు. ఏడాది తిరక్కుండానే వెనక ఫైనల్ డ్రైవులో గేర్లు, బేరింగులు పోవడం మొదలైంది. ఒక ఊరు కాదు, ఒక జిల్లా కాదు. 1959 జూన్‌లో కంపెనీ 460, 560, 660 మూడు మోడళ్ళనీ వెనక్కి పిలిచి, భాగాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. పొలం పనుల రోజుల్లో రైతు బండి డీలరు షెడ్డులో ఉంటే ఆ కడుపుమంట ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు ఎందుకు పోయాయి? ఇది అర్థమైతే మన సగం రిపేర్లు తప్పుతాయి.

50 హెచ్.పి. ఇంజను 2000 ఆర్.పి.ఎం. దగ్గర ఇచ్చే తిప్పుడు బలం సుమారు 18 కిలో-మీటర్లు. మీటరు పొడవు గడకి చివర 18 కిలోలు వేలాడదీసినంత. క్లచ్ దగ్గర అంతే బలం. గేర్ బాక్సులో వేగం తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది. క్రౌన్ పినియన్ దగ్గర మళ్ళీ పెరుగుతుంది. చివరి గేరు దగ్గరికి వచ్చేసరికి మొత్తం నూరు రెట్లు తగ్గింపు అనుకుంటే అది దాదాపు 1800 అవుతుంది, రెండు చక్రాలకీ చెరి సగం. అంటే ఇంజను దగ్గర మనం కాస్తే కదా అని పెంచింది, చక్రం దగ్గర నూరింతలై దిగుతుంది. అందుకే ముందు పోయేది వెనకవే.

రెండోది బేరింగు లెక్క. బేరింగు మీద బరువు రెట్టింపైతే దాని ఆయుష్షు సగం అవదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. 36 హెచ్.పి. మోసిన చోట అదే వేగంతో 60 మోయిస్తే ఆయుష్షు సుమారు ఐదో వంతు. పదేళ్ళు రావాల్సింది రెండేళ్ళు వస్తుంది. మొదటి రోజు ఏమీ తెలీదు, మొదటి పంటకీ తెలీదు. లోపల లోపల తింటూ ఉంటుంది. 560ని పొలంలో తగినన్ని గంటలు పరీక్షించకుండా హడావుడిగా మార్కెట్లోకి వదిలారన్నది అప్పటినుంచీ ఉన్న విమర్శ. మా పక్క చేను ఆయనకి ఏడాదంతా బాగా లాగి ఇప్పుడు ఆగింది కూడా అందుకే.

అదే కాలంలో జాన్ డీర్ ఏం చేసిందో చూడండి. వాళ్ళది రెండు సిలిండర్ల పాత ఇంజను. దాన్ని ఇక పెంచలేమని 1953లోనే ఒప్పుకున్నారు. రహస్యంగా పని మొదలుపెట్టి ఇంజను, గేర్ బాక్సు, హైడ్రాలిక్సు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా మొదటి గీత నుంచి గీశారు. ఏడేళ్ళు పట్టింది. 1960 ఆగస్టు 30న డల్లాస్‌లో వేలమంది డీలర్లను పిలిచి 4010 లాంటి కొత్త బళ్ళు చూపించారు. 1963 కల్లా జాన్ డీర్ ఇంటర్నేషనల్‌ని దాటేసింది.

ఇంటర్నేషనల్ వాళ్ళు కూడా బుద్ధి తెచ్చుకున్నారు. 1963లో 806 అనే బండికి వెనక భాగం పూర్తిగా కొత్తగా చేశారు. అది మంచి బండి, పాత ట్రాక్టర్లు ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ మెచ్చుకుంటారు. 1965లో టర్బో పెట్టి 1206 తెచ్చినప్పుడు 110 హెచ్.పి. దాటింది. ఈసారి ముందే గేర్లు గట్టిపరిచారు. కానీ ఒకసారి పోయిన నమ్మకం మళ్ళీ రాలేదు. తర్వాత అప్పులు, 1979లో మొదలై ఆరు నెలలు సాగిన సమ్మె, 80ల్లో అక్కడి రైతుల కష్టాలు అన్నీ కలిసి 1985లో వ్యవసాయ విభాగం మొత్తం అమ్మేసుకున్నారు. 560 ఒక్కటే కారణమని అనను. కానీ మొదటి పళ్ళు రాలింది అక్కడే.

ఇక మన సంగతి. ఎడ్లబండికి కొత్తగా ఒంగోలు ఎడ్ల జత కడితే ముందు ఇరుసు చూసుకునేవాళ్ళు మన పెద్దలు. ట్రాక్టరు దగ్గర ఆ తెలివి మర్చిపోతున్నాం.

కొనేటప్పుడు హెచ్.పి. ఒక్కటే అడక్కండి. తక్కువ హెచ్.పి. మోడలుకీ దీనికీ వెనక హౌసింగు ఒకటేనా, బేరింగులు పెద్దవా, క్లచ్ ప్లేటు సైజు ఎంత అని అడగండి. వెనక ప్లానెటరీ తగ్గింపు ఉందా అడగండి. అందులో ఒక గేరు మోసే బరువుని మూడు నాలుగు చిన్న గేర్లు పంచుకుంటాయి. చక్రానికి దగ్గరగా వేగం తగ్గిస్తే దాని ముందున్న క్రౌను, పినియన్ల మీద కూడా భారం తగ్గుతుంది.

ఉన్న బండికి పంపు పెంచాలనుకుంటే రెండుసార్లు ఆలోచించండి. క్లచ్ జారడం, టైరు తిరగడం మనకి విసుగే, కానీ అవి కరెంటు ఫ్యూజు లాంటివి. గట్టి క్లచ్ వేసి, టైర్లలో నీళ్ళు నింపి, దిమ్మెలు తగిలించి, పైగా పంపు పెంచితే ఫ్యూజులన్నీ పీకేసినట్టే. ఇక తెగేది లోపలి గేరే. దమ్ములో దిగబడినప్పుడు క్లచ్ ఎగరేసి కొట్టడం ఇంకా ప్రమాదం. ఆయిలు మార్చేటప్పుడు అడుగున ఇనప రజను కనిపిస్తే వెంటనే విప్పించండి. బేరింగుతో పోయేది గేర్లదాకా రానివ్వకండి.

అంత పెద్ద కంపెనీకి తప్పు దిద్దుకోడానికి నాలుగేళ్ళు పట్టింది. మనకి అంత టైము లేదు, వచ్చే కారు మళ్ళీ జూన్‌లోనే. మీ ఊళ్ళో ఇలా వెనక భాగం పోయిన బళ్ళుంటే ఎన్ని గంటలకి పోయింది, ఏం పని చేస్తుండగా పోయింది కింద రాయండి. పదిమందికి పనికొస్తుంది.