బొమ్మ వెనుక చేయి

పామిడి యొద్ద పెన్న సంవత్సరములో నధికభాగము నీరులేని యిసుకబయలు. వానలు తప్పిన యేట తోలుబొమ్మలవారిని బిలిపించి విరాటపర్వ మాడించినచో మేఘుడు కరుణించునని తెలుగుపల్లెలలో బూర్వమొక నమ్మక ముండెను. దానిని మేము సమర్థింపము. బొమ్మలవలన వాన కురియదు. అయినను ఆముదపు దీపముల వెలుగున దెల్లవార్లు మేలుకొన్న జనులు వ్యర్థముగా మేలుకొనిరని చెప్పుటకు మాకు నోరు రాదు. వారు చూచిన విద్య యెంతటిదో తెలియుటకు దూరదేశపు కథ యొకటి చెప్పవలసియున్నది.

బెర్లిను నగరమున 1899లో జన్మించిన లొట్టె రైనిగర్ అను నామె నల్లని యట్టలను గత్తిరించి, సన్నని సీసపురేకులు చేర్చి, కీళ్లను దీగెతో ముడివైచి బొమ్మలు చేసెను. క్రిందినుండి దీపము వెలుగు గాజుబల్లపై వానిని బరచి, పైనున్న కెమేరాతో నొక చిత్రము తీయుట. బొమ్మచేతిని వెండ్రుకవాసి కదల్చి మఱియొకటి తీయుట. ఇట్లు 1923 మొదలు 1926 వరకు శ్రమించి, వేయిన్నొక్క రాత్రుల కథలనుండి గ్రహించిన 'అఖ్మద్ రాజకుమారుని సాహసములు' అను గంటకు మించిన చిత్రమును ముగించెను. కెమేరా పని చూచినవాడు ఆమె భర్త కార్ల్ కోఖ్. నేడు లభించు పూర్తినిడివి బొమ్మల చలనచిత్రములలో నిదియే మొదటిది.

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట బొమ్మలవారికి ఈ పని క్రొత్తగా దోపదు. వారును మేకతోలును గీకి పలుచన చేసి, ఉలితో రంధ్రములు పొడిచి, రంగులద్ది, భుజము మోచేతుల యొద్ద దారముతో గీళ్లు కట్టి, వెదురుబద్దలతో నాడింతురు. రైనిగరు నీడ నల్లనిది. తోలు వెలుగును లోనికి రానిచ్చును గనుక మనవారి నీడకు రంగులున్నవి. అంతకంటె బెద్ద భేద మొకటి కలదు. మనవాడు పాడుచు, కాలిక్రింది చెక్కను ద్రొక్కుచు, ఆ క్షణముననే యాడించును. తప్పినను పాటలో గలిసిపోవును. చలనచిత్రపు బొమ్మకు ఆ సౌకర్యము లేదు. ప్రతి చిత్రమునకు ముందు చేయి తప్పుకొనవలెను.

ఆ తప్పుకొనుటయే ఆ శిల్పులకు శాపమైనది. 1912లో స్టారెవిచ్ ఎండిన పురుగుల కాళ్లకు దీగెలు కట్టి నటింపజేయగా, అవి శిక్షణ పొందిన పురుగులే యని కొందఱు నమ్మిరి. మన ఫాల్కే 1915లో అగ్గిపుల్లల నాడించి చిత్రము తీసెనని యెందఱెఱుగుదురు? 1933 నాటి 'కింగ్ కాంగ్'లో విల్లిస్ ఓబ్రయన్ బృందము చేసిన మూరెడు కోతిబొమ్మకు గుందేటిచర్మము కప్పిరి. ముట్టుకొన్నప్పుడెల్ల రోమములు చెదరి, తెరపై నా మృగపు మేను గగుర్పొడిచినట్లు కనబడును. కొందఱు దానిని లోపమందురు. మాకు మాత్రము ఆ చిత్రమునందెల్ల మిక్కిలి ప్రియమైనది అదియే; మనుష్యుని వ్రేళ్లజాడ యది. హారీహౌసెన్ 1963లో ఏడు అస్థిపంజరములతో ముగ్గురు వీరులకు నడిపిన కొలదినిమిషముల కత్తియుద్ధమునకు నాలుగు నెలలకు బైగా బట్టెను.

దూరపువారి మాట యేల? తాడిపత్రిలో 1912లో జన్మించిన కె. వి. రెడ్డిగారి 'మాయాబజార్' 1957లో వచ్చెను. లడ్లు తమంత తాము ఘటోత్కచుని నోట దూకుట జూచి నేటికిని నవ్వుదుము. దూకించిన చేతులెవ్వరివని యడుగము.

సినిమా వచ్చి తోలుబొమ్మలవారి రాత్రులను హరించినది. నిమ్మలకుంట కుటుంబములు నేడు దీపపు గుమ్మటములు, గోడపటములు చేసి జీవించుచున్నవి. 2020లో దళవాయి చలపతిరావుగారికి బద్మశ్రీ వచ్చుట సంతోషమే. కాని ఆట చూచువారు లేని యాటగానికి బిరుదు కూడు పెట్టునా? గుమ్మటముపై హనుమంతుడున్నాడు, ఎగురడు.

పామిడి పాఠశాలలవారు ఏడాదికొక రాత్రి యా బొమ్మలవారిని బిలిచి తగిన ప్రతిఫల మిచ్చి యాడింపవలెనని మా కోరిక. మఱునాడు పిల్లలచేత నట్టబొమ్మలు కత్తిరింపించి, చేతిఫోను కెమేరాతో నొక్కొక్క చిత్రము తీయింపుడు. సెకను కదలికకు పండ్రెండు చిత్రములైన గావలెను. పది సెకనులు తీయుసరికి మధ్యాహ్నము కాగలదు.