మాస్టర్ ప్లాన్, జోనల్ ప్లాన్, లేఅవుట్.. మీ ప్లాటుకు ఏది వర్తిస్తుంది?

ములుగు 2019 ఫిబ్రవరి 17న జిల్లా కేంద్రమైంది. ఆ తర్వాత గ్రామ పంచాయతీ కాస్తా మున్సిపాలిటీగా మారింది. 163వ నంబరు జాతీయ రహదారి, గిరిజన విశ్వవిద్యాలయం, రామప్ప ఆలయానికి వచ్చే పర్యాటకులు.. ఇలాంటి ఊళ్లో స్థలాలపై ఆసక్తి పెరగడం సహజం. కొనేవారు పట్టా, ధర, రోడ్డు చూస్తారు. ఆ భూమిలో ఏం కట్టుకోవచ్చో చెప్పేది మాత్రం ప్రణాళికే. అవి ఎన్ని రకాలు? ఏది దేనికి?

ప్రాంతీయ ప్రణాళిక

ఒక ఊరికి కాదు, జిల్లాకో, కొన్ని పట్టణాలకో కలిపి వేసేది. రహదారులు, నీరు, అడవులు, పరిశ్రమలు ఎక్కడ ఉండాలో సూచిస్తుంది. పట్టణాలు, గ్రామాల ప్రణాళికలను కలిపి చూసేందుకు జిల్లా ప్రణాళిక కమిటీ ఉండాలని రాజ్యాంగంలోని 243 జెడ్‌డీ అధికరణం చెబుతోంది.

మాస్టర్ ప్లాన్

సామాన్యుడిపై నేరుగా ప్రభావం చూపేది ఇదే. సాధారణంగా 20 ఏళ్లకు పైబడిన అవసరాలను అంచనా వేసి నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ జోన్లను, రాబోయే రోడ్లను మ్యాపుపై చూపుతుంది. వరంగల్ నగరం 1970ల నాటి ప్లాన్‌తోనే దశాబ్దాలపాటు నెట్టుకొచ్చింది. 2041 వరకు వర్తించే కొత్త ప్లాన్‌కు 2024 నవంబరులో ప్రభుత్వ ఆమోదం లభించింది.

జోనల్, స్థానిక ప్రణాళికలు

మాస్టర్ ప్లాన్‌ను వార్డు, వీధి స్థాయికి దించేవి ఇవి. పార్కు, బడి, డ్రైనేజీ, లోపలి రోడ్ల వివరాలు ఇందులో ఉంటాయి.

ప్రత్యేక ప్రణాళికలు

వారసత్వ కట్టడాలు, పర్యాటకం, రవాణా వంటి ఒక్కో అవసరానికి వేసేవి. పాలంపేటలోని రామప్ప ఆలయానికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం. ఆపై మరో 200 మీటర్లలో ముందస్తు అనుమతి తప్పనిసరి.

లేఅవుట్

ఒక స్థలాన్ని ప్లాట్లుగా విడగొట్టే నమూనా. రోడ్లు, ఖాళీ స్థలం చూపించి అనుమతి తీసుకోవాలి. జోన్‌కు విరుద్ధంగా ఉంటే అనుమతి రాదు.

నాలా ఉంటే చాలదా?

చాలదు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా అనుమతి రెవెన్యూ శాఖది. జోన్ మార్పు పట్టణ ప్రణాళిక విభాగం పరిధిలోది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

భూమి పోతుందా?

జోన్ మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. ప్రభుత్వం భూమి తీసుకోవాలంటే భూసేకరణ ప్రక్రియ వేరే ఉంటుంది. అయితే వాడకంపై ఆంక్షలు పడితే ధర పడిపోవచ్చు. కామారెడ్డిలో రైతులు రోడ్డెక్కింది అందుకే. తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపారంటూ ఆందోళన చేయడంతో, ముసాయిదా రద్దు కోరుతూ 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చేసింది.

మాట చెప్పాల్సింది ఎప్పుడు?

ముసాయిదా దశలోనే. ప్లాన్ ఖరారు చేసేముందు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో మ్యాపులో చూసుకుని, అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. గడువు దాటి, ఆమోదం వచ్చాక మార్పించుకోవడం ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని.

కొనేముందు ఇవి చూడండి

- సర్వే నంబరు ఏ జోన్‌లో ఉంది? ప్రతిపాదిత రోడ్డు ఏదైనా దాని మీదుగా వెళ్తోందా?
- లేఅవుట్‌కు తుది అనుమతి ఉందా? బ్రోచరులోని నంబరును మున్సిపల్ కార్యాలయంలో సరిచూసుకోండి.
- చెరువు శిఖం, అటవీ హద్దు, రక్షిత కట్టడం దగ్గర్లో ఉన్నాయా?
- భూమి ఏజెన్సీ ప్రాంతంలో ఉందా? ములుగు జిల్లాలో ఇది చాలా ముఖ్యం. అక్కడి భూములు గిరిజనేతరుల పేరిట బదిలీ కావడం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగు ఉన్నా ఈ నిబంధన మారదు.