కట్లపాము విషం, నాడీ కండర సంధి

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండల నడుమ కుందూ లోయలో ఉంది నంద్యాల, ఆళ్లగడ్డ సీమ. కేసీ కాలువ కింద వరి మళ్లు, గడ్డివాములు ఉన్న ఈ ఊళ్లలో పాములూ ఉంటాయి. వాటిలో నాడీ మండలానికి అత్యంత ప్రమాదకరమైనది కట్లపాము. రాత్రిపూట తిరుగుతూ, నేల మీద పడుకున్నవారిని నిద్రలో కాటేస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు. కొన్ని గంటల్లో కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, మెడ నిలవదు, చివరకు ఊపిరాడదు.

ఈ విషం దెబ్బతీసే చోటు, అంటే నాడీ కండర సంధి, చాలా చిన్నది. వెన్నుపాములో మొదలైన చాలక నాడీ తంతువు కండరం దాకా వస్తుంది గాని దాన్ని తాకదు. మధ్యలో సుమారు 50 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. విద్యుత్ సంకేతం నాడి కొనకు చేరగానే కాల్షియం లోపలికి వస్తుంది, చిన్న సంచుల్లోని ఎసిటైల్‌కోలిన్ ఖాళీలోకి విడుదలవుతుంది. అది కండరం మీది గ్రాహకాలను తాకితే సోడియం లోపలికి దూసుకెళ్లి కండరం ముడుచుకుంటుంది. కట్లపాము విషంలో ఒక భాగం గ్రాహకాలను మూసేస్తే, మరో భాగం నాడి కొననే ధ్వంసం చేస్తుంది.

ఈ పాముల శాస్త్రీయ అధ్యయనం తెలుగు తీరంలోనే మొదలైంది. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్, కోరమాండల్ తీరపు పాములను స్థానికులు పిలిచే పేర్లతోనే నమోదు చేసి 1796లో గ్రంథంగా ప్రచురించాడు. అందులోని ‘బంగారు పాము’ ఆధారంగా ఫ్రాన్స్‌కు చెందిన దోదాఁ 1803లో కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు.

నాడి రసాయనంతో మాట్లాడుతుందని 1921లో కప్ప గుండెపై ప్రయోగంతో ఓటో లోవీ చూపాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. కానీ గ్రాహకాన్ని పట్టి చూపే సాధనం లేకపోయింది. ఆ కొరత తీర్చింది పాము విషమే. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అక్కడి కట్లపాము నుంచి ఆల్ఫా బంగారోటాక్సిన్‌ను వేరుచేశారు. అది గ్రాహకాన్ని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. దాని సాయంతోనే 1970లో పారిస్‌లో షాంజో బృందం విద్యుత్ ఈల్ చేపలో విద్యుత్ పుట్టించే అవయవంలో గ్రాహకాన్ని గుర్తించింది. కండరాలు బలహీనపడే మయస్థీనియా గ్రావిస్ రోగుల కండరాల్లో గ్రాహకాలు తగ్గిపోయాయని 1973లో తేలింది కూడా దీనితోనే.

చికిత్సలోనూ ఈ యంత్రాంగమే దారి చూపుతుంది. నాగుపాము విషం ప్రధానంగా గ్రాహకాలను అడ్డుకుంటుంది కనుక, ఎసిటైల్‌కోలిన్ విచ్ఛిన్నం కాకుండా ఆపే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌తో ఫలితం కనిపించవచ్చు. కట్లపాము కాటులో నాడి కొనలే పాడవడంతో అది తరచూ పనిచేయదు. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్నే పట్టగలదు, పాడైన కొనను బాగుచేయలేదు. పసరు వైద్యంతో, తాడు కట్లతో గడిచే ప్రతి గంటా అందుకే నష్టం.

కదలిక లేని, కనుపాపలు స్పందించని రోగిని మెదడు చనిపోయినట్టు పొరబడే ప్రమాదం ఉంది. నిజానికి తెలివి నిలిచే ఉండవచ్చు, మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. కొనలు మళ్లీ పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. అంతవరకు వెంటిలేటర్ ఊపిరి అందిస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. నల్లమల అంచు పల్లె నుంచి ఆసుపత్రికి వచ్చే దారిలోనే శ్వాస ఆగితే, 108 వాహనంలో గాలి సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించడమే రోగిని నిలబెడుతుంది.