పాత కారు ఇంజిన్ మౌంటింగులు: విశాఖలో ఇంటి దగ్గర మార్చుకోవడం

కారు ఇంజిన్‌నూ గేరుబాక్సునూ బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలను ఇంజిన్ మౌంటింగులు అంటారు. ఉక్కు పలకలకు రబ్బరును వేడితో, ఒత్తిడితో అతికించి వీటిని తయారుచేస్తారు. ఇంజిన్ బరువు మోయడంతో వీటి పని అయిపోదు. అదురు బాడీలోకి పాకకుండా చూడాలి, క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్ ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచాలి. రబ్బరు మరీ మెత్తనైతే ఇంజిన్ ఊగుతుంది, మరీ గట్టిదైతే స్టీరింగు దాకా అదురుతుంది. అందుకే ఏ కారు మౌంటింగు ఆ కారుకే సరిపడేలా చేస్తారు.

తొలినాళ్ల కార్లలో చాలావాటికి ఇంజిన్‌ను చాసిస్‌కు నేరుగా బిగించేవారు. 1931లో క్రైస్లర్ సంస్థ తన ప్లిమత్ కారులో ‘ఫ్లోటింగ్ పవర్’ పేరుతో రబ్బరు మౌంటింగులు పెట్టింది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఆ పద్ధతికి లైసెన్సు తీసుకుని, నీటిమీద తేలే హంసను దానికి గుర్తుగా వాడుకుంది.

మన దేశంలో ఈ భాగం విలువను జనానికి తెలియజెప్పింది మారుతి 800 అనవచ్చు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారులో 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. మూడు సిలిండర్ల ఇంజిన్‌కు రెండు చివరలూ వంతులవారీగా పైకీ కిందికీ ఊగే గుణం పుట్టుకతోనే ఉంది. ఆ ఊపును మింగేది మౌంటింగే. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అదే ఏడాది అంబాసిడర్ తయారీ కూడా నిలిచిపోయింది. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ ముగిశాక సొంత కారును తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకునే వీలుంది కనుక, ఇలాంటి బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మౌంటింగును ముందుగా చంపేది వేడి, తర్వాత ఇంజిన్ ఆయిలు. టాపెట్ కవర్ నుంచి ఆయిలు కారి మీద పడుతుంటే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పలక నుంచి ఊడివస్తుంది. ఆ కారడం ఆపకుండా కొత్తది వేయడం డబ్బు దండగ. విశాఖపట్నంలో మూడో శత్రువు సముద్రపు గాలి. ఉప్పు తేమ రబ్బరు కన్నా ఇనుమును ఎక్కువగా తింటుంది. బ్రాకెట్లు పొరలు పొరలుగా రాలతాయి, రబ్బరుకూ పలకకూ మధ్య తుప్పు చేరి అతుకు విడిపోతుంది, బోల్టులు గట్టిగా పట్టేస్తాయి. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ గాలిలో ఉప్పు తగ్గుతుంది కాబట్టి, బీచ్ రోడ్డు పక్కనో లాసన్స్ బే కాలనీలోనో ఆరుబయట నిలిపే కారుకు ఈ బెడద ఎక్కువ. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరైనా బోల్టుకు తుప్పు తప్పదు!

బండి నిలిచి ఉన్నప్పుడు అద్దాలూ డాష్‌బోర్డూ గలగలమనడం, ఏసీ వేయగానే అదురు పెరగడం, స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ ‘ధన్’మని చప్పుడు రావడం, గేరు రాడ్ ఎగరడం మౌంటింగు పోయిందనడానికి గుర్తులు. అయితే స్పార్క్ ప్లగ్ పోయినా ఇంజిన్ అదురుతుంది. ముందు దాన్ని చూసుకోకుండా మౌంటింగులు కొనకూడదు.

పనికి సమతలమైన గట్టి నేల కావాలి. ఎండకు మెత్తబడిన తారు రోడ్డులో జాకీ స్టాండు కాళ్లు దిగబడతాయి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, చల్లారిన ఇంజిన్ మీదే పని మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. బోల్టులకు తుప్పు వదిలించే ఆయిలు ముందురోజే పట్టించి, మరలను తీగ బ్రష్‌తో రుద్దితే సగం శ్రమ తప్పుతుంది. ఆ ఆయిలు కొత్త రబ్బరుకు తగలనివ్వకూడదు.

ఇంజిన్‌ను ఎత్తడానికి ఆయిల్ చాంబర్ కింద జాకీని నేరుగా పెడితే పలుచని రేకు సొట్టపడుతుంది. మధ్యలో వెడల్పాటి చెక్క పెట్టి, బరువు మౌంటింగు మీంచి తొలిగేంత వరకే లేపాలి. అంతకుమించితే రేడియేటర్ గొట్టాలూ యాక్సిలరేటర్ కేబులూ సైలెన్సర్ పైపూ లాగబడతాయి. ఒకసారికి ఒక్క మౌంటింగే విప్పాలి. పాతది ఏ వైపు తిరిగి ఉందో ఫొటో తీసుకోవాలి. కొత్తదాని బోల్టులను ముందు చేత్తోనే తిప్పి ఎక్కించాలి. జాకీ దించి, ఇంజిన్ బరువు రబ్బరు మీద కూర్చున్నాక మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. ఎత్తి ఉంచి బిగిస్తే రబ్బరు మెలిపడి కొత్తది కూడా త్వరగా చిరుగుతుంది. కొన్ని రోజులు తిరిగాక బోల్టులను మళ్లీ ఒకసారి చూడాలి.

ఈ పనికి బలం కన్నా ఓపిక ముఖ్యం. బోల్టు తల అరిగిపోయినా, గట్టిగా పట్టేసి కదలకపోయినా సుత్తీ రాడ్డూ అందుకోవద్దు. మరలో విరిగిన బోల్టును తీయాలంటే డ్రిల్లూ వెల్డింగూ కావాలి, అది సెల్లార్‌లో అయ్యే పని కాదు. విప్పిన బోల్టులు తిరిగి బిగించి, బండిని గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.